పాత గేర్‌బాక్సు కొందామా.. కొత్తది వేద్దామా?

పికప్ వాహన యజమానులు బేరానికి ముందు లెక్క చూసుకోవాలి

నల్గొండ, మహబూబ్‌నగర్: బత్తాయి కోతల కాలంలో పికప్ వాహనం ఒక్కరోజు షెడ్డులో నిలిచినా యజమానికి నష్టమే. కిరాయి పోతుంది గానీ ఫైనాన్సు వాయిదా ఆగదు. అటువంటి వేళ గేర్‌బాక్సు మొరాయించినా, వెనుక హౌసింగులో క్రౌన్ పినియన్ పళ్లు విరిగినా మెకానిక్ నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే. 'కొత్తది వేద్దామా, పాతది తెద్దామా?' కొత్త దాని ధర వినగానే గుండె గుభేలుమంటుంది. హైదరాబాద్ వనస్థలిపురం ఆటోనగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో సగం కంటే తక్కువకే దొరుకుతుందన్న మాట వెంటనే చెవిన పడుతుంది. రాత్రికి రాత్రి డబ్బు సర్దుకొని తెల్లవారుజామున బస్సెక్కేవారు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తక్కువేమీ కాదు.

పాత విడిభాగాలన్నీ మోసమూ కాదు, అన్నీ లాభమూ కాదు. 'పాతది మంచిదేనా' అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. 'ఏ భాగం పాతది? దాన్ని విప్పి చూడవచ్చా? అది దారిలో విరిగితే నష్టం ఎంత?' అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది. కొనుగోలు నిర్ణయం ఈ మూడు ప్రశ్నలపైనే ఆధారపడాలి.

ముందు రోగం తెలియాలి

ఇంజిన్‌లో పుట్టిన బలం వెనుక చక్రాలకు చేరడానికి నాలుగు మజిలీలు దాటుతుంది. మొదటిది క్లచ్. రెండోది గేర్‌బాక్సు. మూడోది వాహనం కింద పొడవుగా తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు, దాని జాయింట్లు. నాలుగోది వెనుక హౌసింగులోని క్రౌన్ పినియన్, డిఫరెన్షియల్, వాటి నుంచి చక్రాలకు పోయే యాక్సిల్ షాఫ్టులు. ఒక మజిలీలో లోపం మరో మజిలీలో ఉన్నట్లు కనిపించడం సర్వసాధారణం. గేరు పడడం లేదని గేర్‌బాక్సు మార్చిన తరువాత, అసలు లోపం క్లచ్ పూర్తిగా విడవకపోవడమేనని తేలితే యజమాని జేబుకు పడిన చిల్లు పూడదు.

కొన్ని గుర్తులతో రోగాన్ని చాలా వరకు పట్టవచ్చు. బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ తొక్కినప్పుడే శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. న్యూట్రల్‌లో శబ్దం ఉండి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ముందు షాఫ్టు బేరింగు అరిగిందని భావించాలి. ఇంజిన్ గర్జిస్తున్నా బండి వేగం అందుకోకపోతే, దానికి కాలిన వాసన తోడైతే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. బండి కదిలే క్షణంలో కింద 'టక్' మని కొడితే జాయింట్ క్రాసులు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే ఒక రకంగా, వదిలితే మరో రకంగా వెనుక నుంచి కూత వస్తే క్రౌన్ పినియన్ పని పట్టాలి. మలుపు తిరిగేటప్పుడు హోరు పెరిగినా, తగ్గినా చక్రం బేరింగు వైపు చూడాలి.

అందుచేత డబ్బు తీయకముందే లోపం ఎక్కడుందో మెకానిక్ చేత తేల్చుకోవాలి. ఒక బేరింగుతో పోయే పనికి గేర్‌బాక్సు మొత్తం మార్చడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే.

మన దారుల్లో అరుగుదల ఎక్కువ

రెండు ఉమ్మడి జిల్లాల్లోనూ పికప్ బండ్ల పని తీరు ఒకటే. తోటలో, పొలంలో, మట్టి దారిలో సరుకు ఎత్తుకొని, గతుకుల గ్రామీణ రోడ్డు మీదుగా జాతీయ రహదారి చేరాలి. నల్గొండ వైపు బత్తాయి, నిమ్మ బండ్లు 65వ నంబరు జాతీయ రహదారి పట్టి హైదరాబాద్ వైపు పోతాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలిపోయాక వాటి గమ్యం బాటసింగారంగా మారింది. ధాన్యం మిర్యాలగూడ మిల్లులకు చేరుతుంది. పాలమూరు వైపు వేరుశనగ, కూరగాయలు జడ్చర్ల బాదేపల్లి మార్కెట్‌కు, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా రాజధానికి తరలుతాయి.

నున్నని రహదారిపై నడిచే బండికీ, దుక్కిలో దిగబడి పైకి లేచే బండికీ అరుగుదలలో పోలిక లేదు. దిగబడిన బండిని ఎత్తడానికి డ్రైవరు క్లచ్‌ను సగం తొక్కి పట్టి యాక్సిలరేటర్ పెంచుతాడు. ఆ కాసేపట్లోనే క్లచ్ ప్లేటు మాడుతుంది. బురదలో ఒక చక్రం గిర్రున తిరిగి హఠాత్తుగా గట్టి నేల దొరికితే, ఆ కుదుపంతా యాక్సిల్ షాఫ్టు మీద, క్రౌన్ పినియన్ పళ్ల మీద పడుతుంది. అనుమతించిన బరువుకు మించి నింపితే ఈ దెబ్బ మరింత పెరుగుతుంది.

ఈ సంగతి పాత సామాను కొనేవారు రెండు వైపుల నుంచి ఆలోచించాలి. మన బండి దారి కఠినమైనది కనుక పాత భాగం మిగిలిన ఆయువు త్వరగా ఖర్చవుతుంది. అమ్మకానికి వచ్చిన భాగం కూడా ఇలాంటి దారిలోనే నలిగి వచ్చి ఉండవచ్చు. దాని మొదటి బండి ఇసుక మోసిందా, పాల క్యాన్లు మోసిందా అన్నది దుకాణంలో తుడిచి, రంగు పూసి పెట్టిన పెట్టె చెప్పదు.

ఏవి కొనవచ్చు.. ఏవి కొనరాదు

బలాన్ని చేరవేసే భాగాలను మూడు తరగతులుగా విడదీసుకుంటే బేరం తేలికవుతుంది.

మొదటి తరగతి అరగడమే పనిగా ఉన్నవి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఇతర బేరింగులు, ఆయిల్ సీళ్లు, జాయింట్ క్రాసులు, సింక్రోనైజర్ రింగులు, రబ్బరుతో కూడిన సెంటర్ బేరింగు ఈ కోవలోకి వస్తాయి. వీటిని ఏ ధరకైనా సరే పాతవి కొనరాదు. వీటి ఆయువులో ఎంత మిగిలిందో పైకి తెలియదు. పైగా వీటి ధర కంటే గేర్‌బాక్సు దించి ఎక్కించే కూలీయే బరువు. నాలుగు నెలలకే మళ్లీ దించవలసి వస్తే మిగిల్చిందంతా కూలీకే పోతుంది.

రెండో తరగతి అరుగుదల లేనివి, లేదా అత్యల్పంగా అరిగేవి. గేర్‌బాక్సు పైపెట్టె, బెల్ హౌసింగు, వెనుక యాక్సిల్ హౌసింగు, మూతలు, బ్రాకెట్లు ఇందులో చేరతాయి. పగుళ్లు, వెల్డింగు మచ్చలు, అరిగిన బేరింగు గూళ్లు, తెగిన మరలు లేకపోతే వీటిని పాతవి నిక్షేపంగా కొనవచ్చు. పాత మార్కెట్‌లో అసలైన లాభం ఇక్కడే ఉంది. రాయి తగిలి పెట్టె పగిలిన బండికి కొత్త పెట్టె కొనడం కంటే, ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన బండి నుంచి తీసిన పెట్టె కొనడం తెలివైన పని.

మూడో తరగతి ఈ రెంటికీ నడుమ ఉన్నవి. పూర్తి గేర్‌బాక్సు, లోపలి గేర్లు, షాఫ్టులు, క్రౌన్ పినియన్, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు ఇవి. వీటిని విప్పి చూసి మాత్రమే కొనాలి. విప్పనివ్వని దుకాణంలో కొనడమంటే ముసుగులో గుద్దులాటే. యాక్సిల్ షాఫ్టు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. లోహంలో అలసట వల్ల పుట్టే సన్నని పగులు కంటికి కనిపించకపోవచ్చు. గాడుల దగ్గర, అంచు దగ్గర మెలిపడిన ఛాయ ఉన్న షాఫ్టును ముట్టుకోకపోవడమే మేలు.

క్రౌన్, పినియన్ల విషయంలో ఒక నియమం తప్పనిసరి. కర్మాగారంలో ఈ రెంటినీ ఒకదానితో ఒకటి ఒరిపించి జతగా తయారు చేస్తారు. జత గుర్తింపు సంఖ్యను రెంటిపైనా చెక్కుతారు. ఒక బండి క్రౌన్‌కు మరో బండి పినియన్ కలిపితే పళ్ల సంఖ్య సరిపోయినా కూత మొదలవుతుంది. కొద్ది రోజుల్లోనే పళ్లు రాలతాయి. విడిగా అమ్మజూపితే వద్దని చెప్పి రావాలి.

ధర కాదు.. నెల ఖర్చు చూడాలి

పాత భాగం ధర కొత్త దానిలో ఎన్నో వంతు అని చూసి సంబరపడడం పరిపాటి. అసలు లెక్క వేరు. ఉదాహరణకు లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. కొత్త భాగం రూ.30,000, పాతది రూ.12,000. విప్పి బిగించే కూలీ, ఆయిల్, సీళ్లు కలిపి రూ.6,000. బండి మూడు రోజులు నిలిస్తే రోజుకు రూ.1,200 చొప్పున పోయే ఆదాయం రూ.3,600. కూలీ, ఆగిన రోజుల నష్టం రెండు సందర్భాల్లోనూ సమానమే. ఈ లెక్కన కొత్తది రూ.39,600 అవుతుంది. పాతది రూ.21,600 అవుతుంది.

దుకాణంలో ధర చూస్తే పాతది కొత్త దానిలో 40 శాతం. మొత్తం ఖర్చు చూస్తే దాదాపు 55 శాతం. కొత్తది 48 నెలలు నడిస్తే నెలకు రూ.825 పడుతుంది. పాతది 24 నెలలే నడిస్తే నెలకు రూ.900 అవుతుంది. అంటే పాతది కొత్త దానితో సమానం కావాలంటేనే 26 నెలలు దాటి నడవాలి. ఏడాదిలోపే చెడి మరో పాతది వేస్తే మొత్తం రూ.43,200. కొత్త దాని కంటే ఎక్కువే అవుతుంది. మార్కెట్‌కు చేరవలసిన బత్తాయి, టమాటా లోడు దారిలో నిలిచి పాడైతే ఆ నష్టం దీనికి అదనం.

ఇదే లెక్క మరో విధంగానూ చెబుతుంది. బండిని ఏడాదిలో అమ్మేయాలనో, తుక్కుకు ఇచ్చేయాలనో నిర్ణయించుకున్న యజమానికి 48 నెలల ఆయువుతో పని లేదు. అతనికి పాతదే లాభసాటి. కొత్త బండి కొనడానికి డబ్బు కూడబెడుతూ ఒక సీజను గట్టెక్కాలనుకునే వారికీ అంతే. వాయిదాలు ఇంకా మూడేళ్లు కట్టవలసి ఉన్నవారు మాత్రం ఆ మూడేళ్లూ బండి నిలవకుండా నడిచే మార్గమే ఎంచుకోవాలి. ఎవరి అంకెలు వారు వేసుకుంటే జవాబు కాగితంపైనే తేలుతుంది.

కొత్త వాటి ధర అడిగేటప్పుడు పాత జ్ఞాపకాలపై ఆధారపడరాదు. వాహన విడిభాగాలపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా రూ.10,000 ఉండే భాగం అంతకు ముందు రూ.12,800 పడితే, తరువాత రూ.11,800 అవుతుంది. పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా ఆ మేరకు తగ్గినట్లే. ఆటోనగర్ బస్సెక్కే ముందు అధీకృత విక్రేత వద్ద తాజా ధర రాయించుకోవడం అవసరం.

పేరొక్కటే.. పెట్టె వేరు

మన పల్లెల్లో చిన్న లారీని నేటికీ 'డీసీఎం' అనే పిలుస్తారు. 1980 దశకంలో జపాన్ సాంకేతికతతో మార్కెట్‌కు వచ్చిన డీసీఎం టొయోటా బండి మిగిల్చిన పేరది. కంపెనీ పోయి దశాబ్దాలు గడిచినా పేరు పోలేదు. అదే కాలంలో మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్లదీ ఇటువంటి చరిత్రే. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా చేతికి వెళ్లింది. తయారీ ఆగిన బండ్లకు కొత్త విడిభాగాలు దొరకడం గగనం. అటువంటి బండి నడపాలంటే పాత సామానే గతి. 1986లో వచ్చిన టాటా 407, 2005లో వచ్చిన టాటా ఏస్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, బొలెరో పికప్ వంటి బండ్ల యజమానులకు అంత ఇబ్బంది లేదు. వారికి ఎంపిక ఉంది కనుకనే ఆలోచన కూడా ఉండాలి.

అయితే బండి పేరు ఒకటే అయినంత మాత్రాన భాగం సరిపోతుందని అనుకోరాదు. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ప్రమాణం మారినప్పుడు ఇంజిన్ మారుతుంది. ఇంజిన్‌తో పాటు క్లచ్ కొలత, ముందు షాఫ్టు గాడుల సంఖ్య, బెల్ హౌసింగు బోల్టుల స్థానం, గేర్ల నిష్పత్తి మారి ఉండవచ్చు. తయారీ సంవత్సరం, భాగం సంఖ్య రెండూ సరిచూసుకోవాలి. మన బండి నుంచి తీసిన భాగాన్ని వెంట తీసుకుపోయి పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

క్రౌన్ పినియన్‌లో పళ్లు లెక్కించడం మరువరాదు. క్రౌన్‌కు 41, పినియన్‌కు 9 పళ్లుంటే నిష్పత్తి 4.56. పినియన్‌కు 8 ఉంటే 5.13 అవుతుంది. చూపునకు రెండూ ఒకేలా ఉంటాయి. నిష్పత్తి పెరిగితే బండి బరువు లాగుతుంది గానీ వేగం తగ్గి డీజిల్ ఖర్చు పెరుగుతుంది. తగ్గితే రహదారిపై పరుగెత్తుతుంది గానీ లోడుతో గడ్డ ఎక్కలేక క్లచ్ మాడుతుంది. స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి నడిచే బండ్లలో వేగం కూడా తప్పు చూపుతుంది.

బల్ల మీద పరీక్ష

దుకాణంలో ఈ పరీక్షలు చేసుకున్నాకే బయానా ఇవ్వాలి. వెంట నమ్మకమైన మెకానిక్ ఉంటే మరీ మంచిది. అతని ఒకరోజు కూలీ వృథా కాదు.

ముందుగా ఆయిల్ చూడాలి. గేర్‌బాక్సులో మిగిలిన ఆయిల్ చుక్కలను వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగర తగిలినా, లోహపు తళుకులు కనిపించినా లోపల ఏదో అరుగుతోందని అర్థం. పాలు కలిపినట్లు తెల్లబారితే నీరు చేరిందని గ్రహించాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో ఖమ్మం, సూర్యాపేట ప్రాంతాలను వరదలు ముంచెత్తాయి. నీట మునిగిన బండి గేర్‌బాక్సు పైకి కొత్తదానిలా మెరిసినా లోపల బేరింగులకు తుప్పు చుక్కలు పడి ఉంటాయి. ఆయిల్ పూర్తిగా కడిగేసి ఎండబెట్టి ఉంటే అనుమానం మరింత పెరగాలి.

తరువాత షాఫ్టును చేతితో తిప్పాలి. ఒక్కొక్క గేరు వేసి చూడాలి. ఎక్కడా పట్టేయకుండా, కటకట లాడకుండా తిరగాలి. షాఫ్టు పట్టుకొని పైకీ కిందికీ ఊపితే ఆట ఉండరాదు. పైమూత తీయించి గేర్ల పళ్లు చూడాలి. అంచులు విరిగినా, ముఖాన గుంతలు పడినా వద్దు. గేరు పట్టుకునే చిన్న పళ్ల మొనలు గుండ్రంగా అరిగి ఉంటే ఆ గేరు లోడు మీద జారిపోతుంది. రెండో, మూడో గేర్లలో అది అధికంగా కనిపిస్తుంది.

హౌసింగు విషయంలో క్రౌన్‌ను కదిలించి పళ్ల మధ్య ప్లే ఎంతుందో చూడాలి. కంపెనీ చెప్పిన కొలత మిల్లీమీటరులో పదో వంతుల లెక్కలో ఉంటుంది. కనుక చేతి అంచనాతో సరిపెట్టక, బిగించేటప్పుడు డయల్ గేజితో కొలిపించాలి. పళ్లకు రంగు పూసి తిప్పితే ఒత్తిడి ఎక్కడ పడుతోందో అచ్చు పడుతుంది. అచ్చు పంటి నడుమ పడితే సరైన అమరిక. అంచుకు జరిగితే బిగింపు తప్పినట్లే. ప్రొపెల్లర్ షాఫ్టు గొట్టంపై సొట్టలు, వెల్డింగు అతుకులు ఉండరాదు. తూకం కోసం అతికించిన చిన్న రేకు ముక్కలు ఊడిపోతే వేగంలో బండి వణుకుతుంది.

విరిగితే ప్రాణాలతో పని

ఖర్చు లెక్కకు లొంగనిది ఒకటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలో ప్రయాణించి, దోమలపెంట తరువాత కృష్ణ వైపు దిగే శ్రీశైలం ఘాట్ మలుపులను తలచుకుంటే అది బోధపడుతుంది. లోడుతో దిగేటప్పుడు డ్రైవరు చిన్న గేరులో బండిని పట్టి ఉంచుతాడు. బండి వేగాన్ని ఇంజిన్ కూడా అడ్డుకుంటుంది కనుక బ్రేకులపై భారం తగ్గుతుంది. ఆ సమయంలో అరిగిన గేరు జారి న్యూట్రల్‌లో పడితే భారమంతా బ్రేకుల మీదకే వస్తుంది. అవి కాగి పట్టు తప్పితే బండి ఎవరి మాటా వినదు.

జాయింట్ క్రాసు తెగి ప్రొపెల్లర్ షాఫ్టు ముందు కొస రోడ్డు మీదకు వాలితే వేగంలో ఉన్న బండి వెనుక భాగం లేచే ప్రమాదముంది. యాక్సిల్ షాఫ్టు మరో హెచ్చరిక. కొన్ని బండ్లలో హబ్ భారాన్ని హౌసింగే మోస్తుంది. షాఫ్టు విరిగితే బండి ఆగుతుంది గానీ చక్రం ఊడదు. చక్రం విప్పకుండానే హబ్ మధ్యలోని బోల్టులు తీసి షాఫ్టును బయటకు లాగగలిగితే అది ఈ తరహా బండి. మరికొన్ని చిన్న బండ్లలో చక్రం బరువును షాఫ్టే మోస్తుంది. అక్కడ షాఫ్టు విరిగితే చక్రం బయటకు రావచ్చు. ఈ రెండో తరహా బండికి పాత యాక్సిల్ షాఫ్టు వేయకపోవడమే క్షేమం. నాట్ల కాలంలో, పత్తి ఏరే రోజుల్లో సరుకు బండి వెనుక కూలీలను ఎక్కించుకోవడం చట్టరీత్యా తప్పు. అయినా అది జరుగుతూనే ఉంది. బండి కింద ఏ భాగం ఏ బండిదో ఆ తల్లులకు తెలియదు.

మోటారు బీమాపై కూడా భ్రమ వద్దు. సాధారణ మోటారు బీమా ప్రమాద నష్టాన్ని భరిస్తుంది. అరుగుదలను, యంత్ర లోపంతో ఆగిపోవడాన్ని భరించదు. గేర్‌బాక్సు ఖర్చు యజమాని సొంతమే.

బిల్లు లేని సరుకుతో చిక్కు

ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. గేర్‌బాక్సు నంబరు ఉండదు. దొంగ బండిని ముక్కలుగా అమ్మేవారికి ఇదే కలిసొచ్చే అంశం. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో పాత విడిభాగాలకు పేరుమోసిన సోతీగంజ్ మార్కెట్‌ను దొంగ వాహనాల ఆరోపణలపై 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం, దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణముండి గానీ నిజాయతీ లేకుండా తీసుకున్నవారికి మూడేళ్ల వరకు జైలు, జరిమానా పడే వీలుంది. సంఖ్యలు గీకేసిన పెట్టెను, బిల్లు ఇవ్వననే దుకాణాన్ని వదిలేయాలి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల.

గేర్‌బాక్సు మార్చినా ఆర్‌సీలో మార్పు ఉండదు. ఇంజిన్ మార్చాలంటే మాత్రం మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి పొందాలి. ఇంజిన్, గేర్‌బాక్సు కలిపి అమ్మజూపే బేరాల్లో ఈ తేడా గుర్తుంచుకోవాలి. సరుకు రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. పాత భాగాల బిల్లులు దాచి ఉంచితే ఎవరు అడిగినా చూపవచ్చు.

బిల్లుపై భాగం పేరు, దానిపై ఉన్న సంఖ్య, ఏ మోడల్ బండిది, ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారు అన్న నాలుగు వివరాలు రాయించాలి. 'నడవకుంటే తెచ్చియ్యి అన్నా, నేనున్న' అన్న నోటిమాట కూలీ డబ్బులు తిరిగి ఇవ్వదు. అమ్మినవారు మాట తప్పితే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వాణిజ్య అవసరానికి కొన్న వస్తువులు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావు. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాటికి ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. సొంత బండి తానే నడుపుకునే యజమానికి ఇది అండ. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపుంటే ఫిర్యాదుకు రుసుం లేదు. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

తుక్కు వాహనాల కోసం కేంద్రం 2021 సెప్టెంబరులో నమోదిత తుక్కు కేంద్రాల నిబంధనలు తెచ్చింది. కాలం తీరిన వాహనాలపై పర్యావరణ నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఏ బండి ఎక్కడ విడదీశారో రికార్డు ఉండాలన్నది వీటి సారం. ఇటువంటి రికార్డు ఉన్నచోట నుంచి వచ్చిన భాగానికి పుట్టుక తెలుస్తుంది. ధర కొంత ఎక్కువైనా అది ఎన్నదగిన మేలు.

మూడో దారి ఉంది

కొత్తది, పాతది అన్న రెంటి మధ్య చాలామంది మరిచే మార్గం ఒకటుంది. మన గేర్‌బాక్సునే విప్పించి, చెడిన వాటిని మాత్రం కొత్తవి వేయించుకోవడం. పెట్టె, ప్రధాన గేర్లు బాగుంటే బేరింగులు, సింక్రోనైజర్ రింగులు, సీళ్లు మార్చితే సరిపోతుంది. మన పెట్టె చరిత్ర మనకు తెలుసు. ఎన్నడు ఆయిల్ మార్చామో, ఎంత బరువు మోసిందో తెలుసు. ఊరు పేరు తెలియని పెట్టెకు డబ్బు పోయడం కంటే తెలిసిన పెట్టెకు కొత్త బేరింగులు వేయడం చాలా సందర్భాల్లో మేలు. పని తెలిసిన మిస్త్రీ, సరైన కొలత పనిముట్లు ఉన్న షెడ్డు మాత్రం కావాలి.

కొన్ని కంపెనీలు తమ పాత భాగాలను తీసుకొని, కర్మాగారంలో బాగుచేసిన వాటిని గ్యారంటీతో ఇస్తాయి. టాటా మోటార్స్ 'ప్రోలైఫ్' పేరిట ఇటువంటి ఏర్పాటు నడుపుతోంది. మీ బండికి ఏ భాగాలు దొరుకుతాయో విక్రేతను అడిగితే తెలుస్తుంది. పాత పెట్టె కొన్నా సరే బిగించే ముందే దాని బేరింగులు, సీళ్లు కొత్తవి వేయించి, కంపెనీ చెప్పిన రకం ఆయిల్ నింపడం ఉత్తమం. ఆ ఖర్చును కూడా బేరం లెక్కలో కలపాలి. కలిపాక కూడా పాతది నెల ఖర్చులో తక్కువగా తేలితే నిశ్చింతగా కొనవచ్చు.

క్లుప్తంగా..

- లోపం ఎక్కడో తేలకముందే ఏ భాగమూ కొనరాదు.
- పెట్టెలు, హౌసింగులు పాతవి కొనవచ్చు. క్లచ్ ప్లేట్లు, బేరింగులు, జాయింట్ క్రాసులు, సీళ్లు కొత్తవే వేయాలి.
- క్రౌన్ పినియన్ జతగానే తీసుకోవాలి. పళ్లు లెక్కించాలి.
- విప్పి చూపని పెట్టె, సంఖ్య గీకిన పెట్టె, బిల్లు లేని పెట్టె వద్దు.
- దుకాణంలో చెప్పిన ధరకు కూలీ, ఆయిల్, ఆగిన రోజుల నష్టం కలిపి నెలకు ఎంత పడుతుందో చూడాలి.
- ఘాట్ దారిలో నడిచే బండికి, చక్రం బరువును షాఫ్టే మోసే బండికి పొదుపు కంటే భద్రత ముఖ్యం.

బండి మీద ఒక కుటుంబం బతుకుతుంది. ఒక్కరోజు ఆగి, కాగితం మీద లెక్క వేసుకొని, మెకానిక్‌ను వెంటబెట్టుకొని పోతే పాత సామాను కూడా పనికొస్తుంది. తొందరలో కొంటే అగ్గువకు వచ్చిన పెట్టె మరో సీజను రాకముందే మళ్లీ షెడ్డుకు చేరుస్తుంది.